గొంతుకు శిక్ష పడింది, ప్రశ్నకు జవాబేదీ?

బలహీనుడు ఫిర్యాదు చేసినప్పుడు బలవంతుడు ముందుగా వెతికేది ఆ ఫిర్యాదులోని నిజాన్ని కాదు, ఫిర్యాదు చేసిన గొంతులోని దోషాన్ని. “అడగడంలో తప్పు లేదు, కానీ అడిగే పద్ధతి ఇదేనా?” అన్న ఒక్క వాక్యంతో విచారణ దిశ మారిపోతుంది. బోనులో నిలబడవలసిన అన్యాయం న్యాయపీఠం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. న్యాయం కోరి వచ్చినవాడు బోనెక్కుతాడు. అతడు వాడిన విశేషణాలను, అతడి కంఠస్వరాన్ని, అతడి కోపాన్ని తూకం వేస్తారు. తీర్పు కూడా వెలువడుతుంది. ఆ తీర్పులో అసలు ప్రశ్న ప్రస్తావన మాత్రం ఉండదు.

ఈ తంతు ఒక్క దేశానికో, ఒక్క వర్గానికో పరిమితమైనది కాదు. కార్యాలయాల్లో, విద్యాలయాల్లో, చట్టసభల్లో దీన్ని చూస్తూనే ఉన్నాం. అయితే ఆటస్థలంలో మాత్రం అందరూ సమానులేననీ, అక్కడ గీత ఒకటే, ఈల ఒకటే, గడియారం ఒకటేననీ మనలో చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంలో నిజమెంతో తెలియాలంటే పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా ద్వీపదేశానికి చెందిన ఒక రగ్బీ క్రీడాకారుడి అనుభవాన్ని పరిశీలించాలి. అతడి పేరు ఎలియోటా ఫుయిమావోనో-సపోలు.

చిన్న దేశం, పెద్ద ఆట

సమోవా జనాభా సుమారు 2 లక్షలు. మన రాష్ట్రాల్లో ఒక మోస్తరు పట్టణంలో ఉండేంత జనం. 1914లో న్యూజిలాండ్ సేనలు ఈ ద్వీపాలను జర్మనీ నుంచి స్వాధీనం చేసుకున్నాయి. 1918లో ఆక్లండ్ నుంచి వచ్చిన ‘తలూనే’ అనే ఓడలో రోగులున్నా, వారిని వేరుగా ఉంచకుండా రేవులో దిగనిచ్చారు. ఆ ఓడ తెచ్చిన ఇన్‌ఫ్లుయెంజా జనాభాలో దాదాపు ఐదో వంతును బలి తీసుకుంది. 1929 డిసెంబర్ 28న స్వపరిపాలన కోరుతూ శాంతియుతంగా ఊరేగిన ‘మావు’ ఉద్యమకారులపై న్యూజిలాండ్ పోలీసులు కాల్పులు జరిపారు. ఉద్యమ నాయకుడు తుపువా తమసేసే ఆ తూటాలకే ప్రాణాలు వదిలాడు. స్వాతంత్ర్యం 1962లో వచ్చింది. న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ ఈ దురాగతాలకు క్షమాపణ చెప్పే సరికి 2002 వచ్చింది.

పొట్ట చేత పట్టుకుని న్యూజిలాండ్ చేరిన సమోవన్ల కథ వేరుగా లేదు. 1970లలో వీసా గడువు దాటినవారి కోసమంటూ పోలీసులు తెల్లవారుజామున పసిఫిక్ ప్రజల ఇళ్ల తలుపులు బాదారు. 1982లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, 1924కూ 1949కీ నడుమ పుట్టిన సమోవన్లు న్యూజిలాండ్ పౌరులేనని తీర్పు చెప్పింది. అదే ఏడాది న్యూజిలాండ్ పార్లమెంటు కొత్త చట్టం చేసి ఆ పౌరసత్వాన్ని రద్దు చేసింది. చట్టం ప్రకారం, మర్యాదగా, అత్యున్నత న్యాయస్థానం గడప దాకా వెళ్ళి అడిగి గెలిచినవారికి దక్కిన ఫలితమిది! అడిగే పద్ధతి గురించి పాఠాలు చెప్పేవారు ఈ ఒక్క ఉదాహరణకు జవాబు చెప్పాలి.

ఈ దేశానికి రగ్బీ వలస పాలన కాలంలో బయటి నుంచి వచ్చినా, అక్కడి ప్రజలు దాన్ని సొంతం చేసుకున్నారు. 1924లో ఫిజీతో ఆడిన తొలి అంతర్జాతీయ మ్యాచ్‌ను ఉదయం 7 గంటలకు మొదలుపెట్టారట, ఆటగాళ్ళు ఆట ముగించుకుని పనికి పోవాలి గనుక. మైదానంలో ఒక పెద్ద చెట్టు కూడా ఉండేది. 1987లో తొలి ప్రపంచ కప్ జరిగినప్పుడు సమోవాకు ఆహ్వానమే అందలేదు. 1991లో అవకాశం ఇస్తే, కార్డిఫ్‌లో వేల్స్‌ను వారి సొంత గడ్డపైనే 16-13తో ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరుకుంది. అయినా పక్కనే ఉన్న న్యూజిలాండ్ జాతీయ జట్టు సమోవా గడ్డపై తొలి మ్యాచ్ ఆడింది 2015 జులైలో! సమోవా సంతతి యువకుల భుజబలంతో దశాబ్దాల పాటు విజయాలు పోగుచేసుకున్న జట్టుకు, వారి పూర్వికుల ఊరికి రావడానికి అంతకాలం పట్టింది.

ఎలియోటా ఈ చరిత్రకు వారసుడు. న్యాయశాస్త్రం చదివాడు. సెంటర్ స్థానంలో ఆడేవాడు. ఇంగ్లండ్‌లో బాత్, గ్లోస్టర్ క్లబ్బుల తరఫున వృత్తి క్రీడాకారుడిగా రాణించాడు. సొంత దేశంలో ఆట మీద బతికే దారి లేక ఐరోపాకో జపాన్‌కో వలసపోయి, కొన్ని వారాలపాటు మాత్రం దేశపు నీలి చొక్కా తొడుక్కునే వందలాది పసిఫిక్ ఆటగాళ్ళలో అతడొకడు. జీతమిచ్చే క్లబ్బు ఒకవైపు, దాదాపు ఏమీ ఇవ్వలేని దేశం ఒకవైపు. ఈ రెంటి నడుమ నలుగుతూనే 2011లో న్యూజిలాండ్‌లో జరిగిన ప్రపంచ కప్‌కు వచ్చాడు.

క్యాలెండరులో దాగిన పక్షపాతం

రగ్బీ తెలియని పాఠకులకు ఒక్క మాట. ఇది మన కబడ్డీ లాగే దేహాలు దేహాలను పట్టే ఆట, కానీ 80 నిమిషాల పాటు 15 మంది 15 మందిని పరుగుమీద ఢీకొనే ఆట. ఒక మ్యాచ్ ముగిశాక కమిలిన కండరాలు కోలుకోవడానికే రోజులు పడుతుంది. అందుకే ఈ ఆటలో విశ్రాంతి విలాసం కాదు. బంతి ఎంత అవసరమో అదీ అంతే అవసరం.

ఇక 2011 పట్టిక చూడండి. సమోవా సెప్టెంబర్ 14న నమీబియాతో ఆడింది. 18న వేల్స్‌తో ఆడవలసి వచ్చింది. నడుమ మిగిలినవి 3 రోజులు. అదే వేల్స్ తన ముందు మ్యాచ్‌ను 11న ఆడి, 6 రోజుల విశ్రాంతితో మైదానంలోకి దిగింది. ఆ పోరులో విరామ సమయానికి సమోవా 10-6తో ముందంజలో ఉంది. రెండో అర్ధభాగంలో వెనకబడి, చివరికి 10-17తో ఓడింది. అలసటే ఓడించిందని ఎవరూ తక్కెడ వేసి నిరూపించలేరు. కానీ ఒక పక్క పళ్ళెంలో అదనపు బరువు ముందే పెట్టిన తక్కెడను ‘సమాన పోటీ’ అని పిలవడం మాత్రం అబద్ధం.

ఇది ఒక్క సమోవాకు జరిగిన పొరపాటు కాదు. అదే టోర్నమెంటులో జార్జియా 14న స్కాట్లండ్‌తో, 18న ఇంగ్లండ్‌తో ఆడింది. ఇంగ్లండ్ మాత్రం తన ముందు మ్యాచ్ 10నే ముగించుకుని 7 రోజులు సేదతీరింది. నమీబియా 10న ఫిజీతో, 14న సమోవాతో తలపడింది. మరి ఆతిథ్య దేశమైన న్యూజిలాండ్ మ్యాచ్‌లు ఎప్పుడు? సెప్టెంబర్ 9, 16, 24, అక్టోబర్ 2. అన్నీ వారాంతాలే, అన్నిటి మధ్యా కనీసం 6 రోజుల ఎడమే. దక్షిణాఫ్రికా 17న, 22న ఆడవలసి వచ్చిన మాట నిజమే. కానీ ఆ 22న దాని ఎదుట నిలబడింది నమీబియా!

ఎందుకిలా? ప్రతి విభాగంలో 5 జట్లు ఉన్నప్పుడు ఎవరో ఒకరు వారం మధ్యలో ఆడక తప్పదు. పెద్ద జట్ల ఆటలు వారాంతంలో ఉంటేనే టీవీ ప్రసారానికీ ప్రకటనలకూ గిరాకీ. కాబట్టి ఆ ‘ఎవరో ఒకరు’ ఎప్పుడూ చిన్న దేశాలే. ఇందులో ఎవరికీ ఎవరి మీదా వ్యక్తిగత ద్వేషం ఉండనక్కర లేదు. అసలు అన్యాయం చాలాసార్లు ఇలాగే పనిచేస్తుంది. కత్తి పట్టుకుని రాదు. టైంటేబుల్ రూపంలో, నిబంధన రూపంలో, ‘ఏర్పాట్ల ఇబ్బంది’ రూపంలో వస్తుంది. ఎవరూ దోషి కానట్టే కనిపిస్తారు. నష్టపోయేవాడు మాత్రం ఎప్పుడూ ఒకడే.

తప్పు పోలిక, ఒప్పు ప్రశ్న

వేల్స్ చేతిలో ఓడిన తరవాత ఎలియోటా ట్విటర్‌లో ఈ పట్టిక మీద విరుచుకుపడ్డాడు. తమకు దొరికిన విశ్రాంతినీ వేల్స్‌కు దొరికిన విశ్రాంతినీ పోల్చి, ఈ వ్యవహారాన్ని బానిసత్వంతో, వర్ణవివక్షతో, నాజీల యూదు నరమేధంతో సమానం చేశాడు.

ఆ పోలిక తప్పు. దీన్ని మొహమాటం లేకుండా చెప్పాలి. 60 లక్షల మంది యూదులను హతమార్చిన నరమేధాన్ని ఒక మ్యాచ్‌ల పట్టిక పక్కన నిలబెట్టడం మృతుల పట్ల అపచారం. హక్కుల గురించి మాట్లాడేవారు ఇతరుల వేదనను కొలమానంగా వాడుకోకూడదు. తమ గాయం పెద్దదని చూపడానికి వేరొకరి గాయాన్ని చిన్నది చేయకూడదు. పైగా ఆ మాట వల్ల జరిగిన మేలేమిటి? అప్పటిదాకా జవాబు చెప్పుకోవలసిన స్థితిలో ఉన్న అంతర్జాతీయ రగ్బీ బోర్డుకు తప్పించుకునే దారి దొరికింది. చర్చ 3 రోజుల నుంచి 140 అక్షరాల మీదికి మళ్ళింది.

కానీ పోలిక తప్పయినంత మాత్రాన ప్రశ్న తప్పవుతుందా? 3 రోజులూ 6 రోజులూ సమానమవుతాయా? రాసినవాడి మీద దుష్ప్రవర్తన అభియోగాలు వచ్చాయి. మందలింపులు వచ్చాయి. పట్టిక వేసినవారి మీద ఏ అభియోగమూ రాలేదు. మాటను తూచడానికి చేతికందిన తక్కెడ, రోజులను తూచడానికి ఎందుకు అందలేదు?

తరవాతి ఘట్టం ఇంకా చేదైనది. సెప్టెంబర్ 30న సమోవా దక్షిణాఫ్రికాతో ఆడి 5-13తో ఓడింది. ఆ మ్యాచ్‌లో సమోవా ఆటగాడు పాల్ విలియమ్స్‌కు ఎర్ర కార్డు పడింది. రిఫరీ నైజెల్ ఓవెన్స్ వేల్స్ దేశస్థుడు. వేల్స్ అదే విభాగంలో ఉంది. సమోవా గెలుపోటములతో వేల్స్ భవితవ్యం ముడిపడి ఉంది. ఎలియోటా మళ్ళీ ట్విటర్‌కెక్కి ఓవెన్స్‌ను జాత్యహంకారి అని దూషించాడు. విచారణకు హాజరు కాకపోవడంతో అతణ్ణి ఆట నుంచే తాత్కాలికంగా తప్పించారు. చివరికి ఆరు నెలల నిషేధాన్ని, షరతులతో అమలు నిలిపి, విధించారు.

ఇక్కడ కూడా అతడిదే తప్పని ఒప్పుకుందాం. ఒక మనిషి హృదయంలో ఏముందో మనం చదవలేం. రుజువు లేకుండా ఒకరి మీద జాత్యహంకార ముద్ర వేయడం అన్యాయం. ఓవెన్స్ ప్రపంచంలోని గొప్ప రిఫరీలలో ఒకడని తరవాతి కాలం చెప్పింది. 2015 ఫైనల్‌కు ఈల పట్టింది ఆయనే. కానీ మనిషిని నిందించడం వేరు, నియామకాన్ని ప్రశ్నించడం వేరు. తన అన్న ఆస్తి వ్యవహారం ముడిపడి ఉన్న దావాను ఎంత నిజాయతీపరుడైన న్యాయమూర్తి అయినా విచారించడు, పక్కకు తప్పుకుంటాడు. అతడు తప్పుకునేది తనకు నిజాయతీ లేక కాదు, ఓడినవాడి మనసులో అనుమానం మిగలకూడదని. ఫలితంతో సంబంధమున్న దేశం నుంచి రిఫరీని ఎందుకు నియమించారన్న ప్రశ్న న్యాయశాస్త్రం చదివిన ఎలియోటాకు తెలియనిదేమీ కాదు. కోపం ఆ ప్రశ్నను మింగేసింది. అధికారం ఆ కోపాన్ని అందిపుచ్చుకుంది.

సమాన జరిమానా, అసమాన జేబులు

అదే ప్రపంచ కప్‌లో మరో చిన్న ఉదంతం ఉంది. తుయిలాగి సోదరుల్లో అన్న అలెసానా సమోవాకు ఆడాడు. సమోవాలోనే పుట్టిన తమ్ముడు మాను ఇంగ్లండ్‌కు ఆడాడు. అనుమతి లేని కంపెనీ గుర్తున్న దంతకవచం పెట్టుకున్నారని ఇద్దరికీ 10,000 న్యూజిలాండ్ డాలర్ల చొప్పున జరిమానా వేశారు. నిబంధన ఇద్దరికీ ఒకటే, అందులో వివక్ష లేదు అంటారు. నిజమే. కానీ ఆ మొత్తం ఇంగ్లండ్ ఆటగాడికి చిల్లర, సమోవా ఆటగాడికి తన దేశం ఇచ్చే భత్యంతో తీరని అప్పు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే నేరం, ఒకే జరిమానా. జేబులు మాత్రం రెండు రకాలు. అసమానుల మీద సమానంగా పడే చట్టం న్యాయం కాదని వేరే ఉదాహరణతో చెప్పనక్కర లేదు.

ఆ జేబుల తేడా ఎంతో 2017లో లోకానికి తెలిసింది. ఆ నవంబర్‌లో ఇంగ్లండ్‌తో మ్యాచ్‌కు ముందు, సమోవా రగ్బీ యూనియన్ దివాలా తీసిందని దేశ ప్రధానే ప్రకటించాడు. ఒక్క మ్యాచ్‌కు ఇంగ్లండ్ ఆటగాడికి 22,000 పౌండ్లు, సమోవా ఆటగాడికి 650 పౌండ్లు అని బ్రిటిష్ పత్రికలు రాశాయి. అంటే ముప్ఫై రెట్లకు పైగా తేడా. 80,000 మందికి పైగా పట్టే ట్వికెన్‌హామ్ స్టేడియంలో టికెట్ల రాబడి మొత్తం ఆతిథ్య దేశానిదే. ఇంగ్లండ్ రగ్బీ యూనియన్ ‘సౌహార్దంతో’ 75,000 పౌండ్లు విరాళమిచ్చింది. సగం ఆటను తామే ఆడి, చివరికి విరాళం అందుకోవడం! వాటా అడిగితే రూలు చూపుతారు, చేయి చాపితే భిక్ష వేస్తారు. భిక్షకు కృతజ్ఞత చెప్పాలి. వాటాకు చెప్పనక్కర లేదు. ఇచ్చేవారికి వాటా కన్నా భిక్ష ఇష్టం కావడానికి కారణం ఇదే.

ముందు మీ ఇల్లు చక్కదిద్దుకోండి!

ఈ మాట అన్నప్పుడల్లా ఎదురయ్యే వాదన ఒకటుంది. “సమోవా రగ్బీలోనే అవినీతి ఉంది. ముందు మీ ఇల్లు మీరు చక్కదిద్దుకోండి” అని. ఈ వాదనను తోసిపుచ్చకుండా పరిశీలిద్దాం, ఎందుకంటే ఇందులో సగం నిజముంది.

సమోవా రగ్బీ యూనియన్ అధ్యక్ష పీఠం మీద ఏళ్ళ తరబడి కూర్చున్నది దేశ ప్రధాని తుయిలయేపా. అంటే ఆటగాడు తన బోర్డు మీద ఫిర్యాదు చేయాలంటే ప్రభుత్వాధినేత మీదే చేయాలి. 2011 ప్రపంచ కప్‌కు సమోవా ప్రజలు పైసాపైసా చందాలు వేసి డబ్బు కూడబెట్టారు. టోర్నమెంటు తరవాత జట్టు కెప్టెన్ మహోన్రై ష్వాల్గర్ తన నివేదికలో, నిర్వాహకులు దాన్ని విహారయాత్రగా మార్చుకున్నారని, బాధ్యత మరిచారని ఆరోపించాడు. ఆ తరవాత అతడు మళ్ళీ జాతీయ జట్టులో కనిపించలేదు. 2014లో ఇంగ్లండ్ పర్యటనలో ఉన్న ఆటగాళ్ళు, లెక్కలు చూపకపోతే మ్యాచ్ బహిష్కరిస్తామని హెచ్చరించారు. చివరికి ఆడారు. ఆట ముగిశాక ఇంగ్లండ్ ఆటగాళ్ళు, సమోవా ఆటగాళ్ళు మైదానం నడుమ ఒకే వలయంగా చేరి ప్రార్థించారు. పాలకులకు కనిపించని న్యాయం ఎదుటి జట్టు ఆటగాళ్ళకు కనిపించింది.

కాబట్టి ఇంటి దోషం నిజమే. అయితే ఇంటి దొంగ ఉన్నాడు గనుక బయటి దొంగను అడగకూడదా? ఇద్దరి చేతిలోనూ నష్టపోయింది ఒక్కడే, ఆటగాడు. ఇంటివాడు లెక్క చెప్పలేదు, బయటివాడు వాటా ఇవ్వలేదు. ఒకరి తప్పును చూపి మరొకరు తప్పించుకుంటున్నంత కాలం బాధితుడికి రెండు వైపులా గోడలే. పైగా బయటివాడు ఏ పని చేశాడో ఇంటివాడూ అదే చేశాడు. ప్రశ్నను వదిలి, అడిగినవాణ్ణి పక్కన పెట్టాడు.

ఈ మొత్తం కథలో ఫిర్యాదులోని విషయాన్ని పట్టించుకున్న తీర్పు ఒకటే కనిపిస్తుంది. అది అంతర్జాతీయ బోర్డుది కాదు, జాతీయ యూనియన్‌ది కాదు. ఒక పల్లెటూరి పంచాయతీది. కెప్టెన్ ఆరోపణలు బయటికి వచ్చాక జట్టు మేనేజరు స్వగ్రామ పెద్దలు సమావేశమై, ఊరికి తలవంపులు తెచ్చినందుకు తమ ఊరి పెద్దమనిషి అయిన అతడికే అక్కడి ఆచారం ప్రకారం 100 పందులు జరిమానా విధించారు. ఆ ఊరివారు కెప్టెన్ భాష మర్యాదగా ఉందా అని విచారించలేదు. ప్రజల నమ్మకం ఏమైందని విచారించారు. అధునాతన కార్యాలయాల్లో, న్యాయవాదుల బృందాల మధ్య జరిగిన విచారణల కన్నా ఆ చాపల మీద కూర్చున్న పెద్దల విచారణే న్యాయానికి దగ్గరగా ఉంది.

ఓటు లేనివాడి గొంతు

ఎలియోటా ట్విటర్‌కు ఎందుకు ఎక్కాడు? సరైన వేదికలో ఎందుకు అడగలేదు? అని మర్యాదస్థులు ప్రశ్నించారు. సరైన వేదిక ఏదో చూద్దాం. 2011లో అంతర్జాతీయ రగ్బీ బోర్డు మండలిలో సమోవాకు సొంత ఓటు లేదు. వ్యవస్థాపక దేశాలైన ఎనిమిదింటికి మాత్రం రెండేసి ఓట్లు. 2018లో గానీ సమోవాకూ ఫిజీకీ ఒక్కో ఓటు దక్కలేదు. 2020లో అధ్యక్ష ఎన్నిక జరిగినప్పుడు పోలైన ఓట్లు 51. అందులో 30 ఓట్లు పది పెద్ద దేశాలవే, ఒక్కొక్కదానికి 3 చొప్పున. ఆ పది చేతులు కలిపితే మిగతా ప్రపంచమంతా ఏకమైనా ఓడిపోతుంది.

గదిలోకి రానివ్వకుండా తలుపు మూసి, వీధిలో అరిచావేమని అడగడం ఎక్కడి న్యాయం? అరుపు అమర్యాదే కావచ్చు. మూసిన తలుపు అంతకన్నా పెద్ద అమర్యాద. మొదటిది ఆవేశంలో జరిగింది, రెండోది తీర్మానం చేసి మరీ జరిగింది.

పన్నెండేళ్ళ తరవాత

అసలు మాట ఇప్పుడు చెప్పుకుందాం. 2015 ప్రపంచ కప్‌లో జపాన్ సెప్టెంబర్ 19న దక్షిణాఫ్రికాను ఓడించి లోకాన్ని విస్మయపరిచింది. నాలుగు రోజులకే, 23న, అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఆడని స్కాట్లండ్ ఎదుట నిలబడి 10-45తో చిత్తయింది. విభాగంలో మూడు మ్యాచ్‌లు గెలిచినా జపాన్ ఇంటిదారి పట్టింది. అంటే 2011లో ఒకడిని శిక్షించి, అతడు చూపిన లోపాన్ని మాత్రం భద్రంగా దాచుకున్నారు.

2023 ప్రపంచ కప్‌కు వచ్చేసరికి నిర్వాహకులు టోర్నమెంటును ఒక వారం పొడిగించి, ప్రతి జట్టుకూ మ్యాచ్‌ల మధ్య కనీసం 5 రోజుల విశ్రాంతి ఉండాలని నిబంధన చేశారు. ఆటగాళ్ళ సంక్షేమం కోసం ఇది చారిత్రక నిర్ణయమని చెప్పుకున్నారు. మంచిదే. కానీ 2011లో ఒక సమోవన్ అడిగింది ఇదే కదా! టీవీ సమయాలు, ఐదు జట్ల లెక్క, ఏర్పాట్ల ఇబ్బంది, ఇలా ఆనాడు అసాధ్యమన్నవన్నీ ఈనాడు ఒక్క తీర్మానంతో సాధ్యమయ్యాయి. 2023లోనూ ఐదు జట్ల విభాగాలు అలాగే ఉండేవి, టీవీలు అలాగే ఉండేవి, ఆట అలాగే ఉండేది. మారింది సంకల్పం ఒక్కటే.

ఒక పెద్ద దేశానికి ఆడిన ఆటగాడు ఆ దేశం వదిలేశాక తన పూర్వికుల దేశానికి ఆడకూడదన్న నిబంధన కూడా 2022 జనవరి నుంచి సడలింది. మూడేళ్ళ ఎడం తరవాత మారవచ్చన్నారు. న్యూజిలాండ్‌కు ఆడిన లీమా సొపోవాగా, ఆస్ట్రేలియాకు ఆడిన క్రిస్టియన్ లియాలీఫానో 2023లో సమోవా చొక్కా తొడిగారు. ఆ ప్రపంచ కప్‌లో సమోవా ఇంగ్లండ్ చేతిలో 17-18తో, ఒకే ఒక్క పాయింటుతో ఓడింది. ఒక మ్యాచ్ దేన్నీ నిరూపించదు. కానీ విశ్రాంతినీ మనుషులనూ కొంతలో కొంత తిరిగి ఇస్తే ఏమవుతుందో అది చూపింది.

ఈ మార్పులు ఎవరి దయ వల్లా రాలేదు. ఎలియోటా లాంటివారు ఘాటుగా అడిగారు. డాన్ లియో లాంటి సమోవా ఆటగాళ్ళు వేరే దారి పట్టారు. అతడు పసిఫిక్ ఆటగాళ్ళ సంక్షేమ సంస్థను స్థాపించి, లెక్కలు సేకరించి, 2020లో ‘ఓషన్స్ అపార్ట్’ అనే డాక్యుమెంటరీతో ఈ దోపిడీని లోకం ముందు పెట్టాడు. ఒకరిది నిప్పు, మరొకరిది దీపం. నిప్పును నిందించి దీపాన్ని మెచ్చుకోవడం తేలిక. కానీ చీకటిని ఎవరు పరిచారన్న ప్రశ్న రెంటికీ ఉమ్మడిదే.

ఈ చరిత్ర నుంచి రెండు పక్షాలూ నేర్చుకోవలసింది ఉంది. అడిగేవారు గుర్తుంచుకోవాల్సింది ఇది: లెక్క మన చేతిలో ఉన్నప్పుడు తిట్టు అక్కర లేదు. 3 రోజులు, 6 రోజులు అన్న రెండు అంకెలకు ఏ అధికారమూ జవాబు చెప్పలేదు. వాటి పక్కన మనం పెట్టే అతిశయోక్తికి మాత్రం వెంటనే జవాబిస్తుంది. మన ఆవేశం ఎదుటివాడికి ఆశ్రయం కాకూడదు.

వినేవారు గుర్తుంచుకోవాల్సింది ఇంతకన్నా బరువైనది. గాయపడినవాడి మూలుగు శ్రుతిలో లేదని వైద్యుడు చికిత్స ఆపడు. ఫిర్యాదు చేసిన మనిషి మాట మీరితే మందలించండి, శిక్షించండి, కాదనం. కానీ ముందు అతడి ప్రశ్నకు జవాబు చెప్పండి. జవాబు చెప్పకుండా విధించే శిక్ష క్రమశిక్షణ కాదు, నోరు మూయించడం. 2011లో ఆ బోర్డు జవాబు చెప్పి ఉంటే, 2015లో జపాన్ అలసిన కాళ్ళతో మైదానంలోకి దిగేది కాదు.

ఒక మనిషి రాసిన నాలుగు కోపపు వాక్యాలను విచారించడానికి ఆ వ్యవస్థకు కొన్ని వారాలు చాలాయి. ఆ వాక్యాల్లోని ఒక్క నిజాన్ని ఒప్పుకోవడానికి మాత్రం దాదాపు పుష్కరకాలం పట్టింది. న్యాయం ఏ వేగంతో నడుస్తుందన్నది కాదు, ఎవరి వైపు వేగంగా నడుస్తుందన్నదే అసలు ప్రశ్న.